మా నాయన పథ్యం

మొన్న కల్లూరులో మా మనవరాలి పెళ్లి భోజనాల దగ్గర వేరుగా ఒక బల్ల వేసి, దాని మీద కొర్రన్నం, జొన్న సంగటి, నూనె తక్కువ కూరలు పెట్టి, షుగర్ ఉన్నవారికి అని రంగు కాగితం మీద రాసి అంటించారు. ఆ బల్ల దగ్గర ఉన్నంత జనం బిర్యానీ దగ్గర కూడా లేరు. నీకెంత ఉంది, నాకెంత ఉంది అని పరీక్షల్లో మార్కులు చెప్పుకున్నట్టు చెప్పుకుంటూ, నవ్వుకుంటూ, సంగటి ముద్దలు పెట్టించుకుంటున్నారు. నాకూ ఆ జబ్బు ఉన్నదే కాబట్టి నేనూ పళ్లెం పట్టుకుని ఆ వరసలోనే నిలబడ్డాను గానీ, ముద్ద పళ్లెంలో పడగానే వరసలో నుంచి తప్పుకుని పక్కనున్న కుర్చీలో కూలబడ్డాను. పిల్లలు నీరసమనుకుని నిమ్మరసం తెచ్చారు. అది నీరసం కాదని నా ఈడు వాళ్లకైతే చెప్పుకోవచ్చు, వాళ్లకు సంగటి అంటే ఏమిటో, వరన్నం అంటే ఏమిటో తెలుసు.

మాది రాజంపేటకు బండిలో పోయి వచ్చేంత దూరంలో ఒక పల్లె. రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులు. మా సీమలో ఆనాడు వరన్నం తినడమంటే పండగకో, ఇంటికి అల్లుడొస్తేనో తప్ప లేదు. మా తాత జీవితమంతా జొన్న సంగటి తిని పోయాడు. మా నాయన మాత్రం తన రెక్కల కష్టంతో బావి తవ్వించి, దాని కింద ఇంత వరి పండించి, ఇక మా ఇంట్లో పూట పూటా వరన్నమే అని ఊరంతా వినేలా చెప్పుకున్నవాడు. మా చేలో కూలికి పనిచేసే సేద్యగాళ్లు వాకిట్లో కూర్చుని సంగటి తింటుంటే తాను లోపల పీట మీద కూర్చుని తెల్లటి అన్నం కలుపుకుని తినడం ఆయనకు కిరీటం పెట్టుకోవడం లాంటిది. మనిషి మంచివాడే, కానీ ఆ గర్వం తగ్గదు. నాకు ఆయన మీద ప్రేమా ఉంది, కోపమూ ఉంది, ఇన్నేళ్లయినా ఏది ఎక్కువో తేల్చుకోలేకపోతున్నాను.

ఆ బావే మా కొంప ముంచింది. మా చిన్నాయన, అంటే మా నాయనకు సొంత తమ్ముడు, వేరు పడ్డప్పుడు చేలు పంచుకున్నారు గానీ బావిని ఎట్లా పంచుకుంటారు. ఒక రోజు మా కపిల, మరుసటి రోజు వాళ్ల కపిల అని వంతులు పెట్టుకున్నారు. ఎద్దులను ఏటవాలు బాటలో కిందికి తోలుతుంటే తోలు బాన నీళ్లతో పైకొచ్చే ఆ కపిలలను ఇప్పటి పిల్లలు చూసి ఎరగరు. ఒక ఎండాకాలం నీళ్లు అడుగంటాయి. మా వంతు రోజున చిన్నాయన కొడుకు ఎద్దులు కట్టాడని మా నాయన పోయి వాళ్ల తాడు తెగ్గోశాడు. ఆ పిల్లవాడు మా అన్న ఈడువాడు, ఇద్దరూ ఒకే ఉయ్యాలలో ఊగినవాళ్లు. తాడు తెగేసరికి ఒళ్లు తెలియక చేతిలో గడ్డి కోసే కొడవలి విసిరాడు. అది మా నాయన పిక్కకు తగిలి చిక్కుడు గింజంత గాటు పడింది. ఆయన ఆ నెత్తుటి కాలితోనే వాణ్ని బోర్లా పడేసి ముల్లుకర్ర విరిగేదాకా కొట్టాడు. చూసినవాళ్లు గాటు సంగతే మరిచిపోయారు.

కానీ గాటు మానలేదు. పసుపు పెట్టారు, వేపాకు నూరి కట్టారు, పసర్లు పిండారు. చిక్కుడు గింజంత ఉన్నది అరచేయంత పుండయింది. దాని వాసన వసారా దాటి వీధిలోకి పోయేది. ఆయనకు దాహం పట్టుకుంది, కడవ పక్కన పెట్టుకుని తాగేవాడు, తాగిందంతా పోసేవాడు, తింటున్నా మనిషి చిక్కిపోయాడు. ఇప్పటి మనుషులైతే ఇంత వినగానే అది చక్కెర జబ్బని చెప్పేస్తారు. మా ఊరు మాత్రం చిన్నాయన కొడుకు కొడవలికి విషం పూశాడని తేల్చింది, ఆ దాహం విషపు వేడి అని ముసలివాళ్లు తలలూపారు. మా నాయనకూ ఆ మాట నచ్చింది. పగవాడి విషాన్ని తట్టుకుని నిలబడ్డ మగవాడని నలుగురూ వచ్చి చూసిపోతుంటే పుండు నొప్పి కూడా ఆయనకు కొంత తగ్గినట్టుండేది.

మా అమ్మ పోరు పడలేక చివరకు ఆయన ఆమెను వెంటబెట్టుకుని కడప ఆసుపత్రికి పోయాడు. అక్కడ జరిగింది మా అమ్మ నాకు చాలా ఏళ్ల తర్వాత చెప్పింది. ఆసుపత్రివాళ్లు ఆయన మూత్రాన్ని గాజు గొట్టంలో నీలం మందుతో కలిపి దీపం మీద కాచారట, ఆ నీలం చూస్తుండగానే ఇటుక రంగుకు తిరిగిందట. ఇది విషం కాదు, ఒంట్లో చక్కెర పెరిగింది, అందుకే పుండు మానడం లేదు, సూదిమందు ఉంది గానీ యుద్ధం వల్ల దొరకడం లేదు, వరన్నం, బెల్లం మాని కొంచెం సంగటి, ఆకుకూరలు, మజ్జిగ మీద ఉంటే బతుకుతావు అని డాక్టరు చెప్పాడట.

తిరుగు దారిలో ఊరి పొలిమేర వచ్చాక మా నాయన బండి ఆపి మా అమ్మ చేయి పట్టుకుని ఒక్కటే చెప్పాడట.

"నా గాయం మానదని తెలిస్తే తమ్ముడోల్లు ముల్లుతో గీరి చంపుతారు. ఈ మాట నీ నోట్లో నుంచి బయటికి వచ్చిందా, నిన్ను మన బావిలోనే తోస్తా."

అది భయమో, కూర్చుని తినే శావుకార్ల జబ్బు తనకొచ్చిందన్న సిగ్గో నాకు ఇప్పటికీ తెలియదు, రెండూ కలిసే ఉంటాయి. మా అమ్మ ఎవరికీ చెప్పనని ఒట్టేసింది.

ఆ రోజు ఇంట్లో జరిగింది మాత్రం నా కళ్లారా చూశాను. పీట ముందు సంగటి ముద్ద చూడగానే మా నాయన కంచం ఎత్తి గోడకేసి కొట్టాడు. ఆ సేద్యగాళ్ల నా కొడుకులకు పెట్టినట్టు నాకూ సంగటి పెడతావా అంటూ మా అమ్మను జుట్టు పట్టుకుని గడపదాకా ఈడ్చాడు. ఆమె లేచి, చెంప తుడుచుకుని, మళ్లీ ఇంకో కంచంలో అదే పెట్టింది. ఆయన మళ్లీ కొట్టాడు. బెల్లం కుండ వెతికి పిడికెడు నోట్లో వేసుకుంటుంటే ఆమె ఆ కుండను లాక్కుని ఎద్దుల కుడితిలో బోర్లించింది, దానికి ఇంకా దెబ్బలు తిన్నది. చాలా రోజులు మా ఇంట్లో ప్రతి పూటా అదే. వంటింట్లో నుంచి కంచం చప్పుడు వినిపిస్తే నేను గడ్డివాము వెనక్కి పోయి చెవులు మూసుకునేదాన్ని. మా అమ్మ పెదవి చిట్లి ఉన్నా పొద్దున్నే మళ్లీ జొన్నపిండి విసరడానికి కూర్చునేది. ఆమె మొండితనం ముందు మా నాయన కండలు ఏ పాటివి.

ఒక మధ్యాహ్నం మా అన్న అడ్డం వచ్చి నాయన చేయి పట్టుకున్నాడు. పట్టుకుని, అసలు ఈ తిండి ఎందుకు పెడుతున్నావని అమ్మను అడిగాడు. మా నాయన అమ్మ ముఖంలోకి చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది, అంత పెద్ద మనిషి అట్లా బతిమాలినట్టు చూడటం నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు.

"విషం ఇరగాలంటే పథ్యం ఉండాల నాయనా. కడపోల్లు చెప్పినారు" అంది మా అమ్మ.

మా పల్లెలో పాము కరిచినా, తేలు కుట్టినా, ఎవరైనా మందు పెట్టారని అనుమానం వచ్చినా పథ్యం పెట్టడం మామూలే కాబట్టి ఎవరూ ఇంకో ప్రశ్న వేయలేదు. మా నాయన ఆ పూట పీట మీద కూర్చుని సంగటి మొత్తం తిన్నాడు. జబ్బు కోసం తినలేని ముద్దను విషం కోసం తినగలిగాడు. చూడవచ్చినవాళ్లు ఎంత ఓర్పు అని మెచ్చుకుంటుంటే ఊరిబిండి పచ్చడి నంజుకుని ఇంకా రెండు ముద్దలు తినేవాడు. కొట్టడం ఆగింది. దాహం తగ్గింది, పుండు అంచులు ఎర్రబడి కొత్త చర్మం పట్టసాగింది. ఒక్క అబద్ధంతో మొగుణ్ని బతికించుకున్నానని మా అమ్మ లోలోపల దేవుడికి మొక్కుకుంది.

ఆ అబద్ధాన్ని మా అన్న కూడా రోజూ చూస్తున్నాడు. ముందు విషం అన్నది ఊరివాళ్ల మాట, ఇప్పుడది కడప ఆసుపత్రి మాట, పూట పూటా కంచంలో కనిపిస్తున్న రుజువు. నాయన వరన్నం తినేదాకా నేనూ తిననని చెప్పి ఆయన పక్కనే కూర్చుని సంగటి తినడం మొదలుపెట్టాడు. గొడ్డలి నూరుకుంటుంటే కట్టెలకేమో అనుకున్నాం. మా నాయన కొడుకు ముఖం చూసి చాలాసార్లు నోరు తెరిచేవాడని, మళ్లీ మూసుకునేవాడని మా అమ్మ చెప్పింది. అమ్మా నాయనల్లో ఒక్కరు, ఒక్క పూట, ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది.

నేను సేద్యగాళ్లకు కూడు తీసుకుని చేను మీదికి పోయిన రోజు అది. చిన్నాయన కొడుకు కపిల తాడు మీద కూర్చుని ఎద్దులను అదిలిస్తూ కిందికి పోతున్నాడు. నన్ను చూసి, తగువులున్నా లేకున్నా ఎప్పుడూ పలకరించేవాడే కాబట్టి, పెద్దనాయన కాలు ఎట్లుండాది అని అడిగాడు. నేను జవాబు చెప్పేలోపల గట్టు అవతల నుంచి మా అన్న వచ్చాడు. మొదటి దెబ్బ మెడకూ భుజానికీ మధ్య పడింది. వాడు తాడు వదిలేసరికి నిండుగా పైకొచ్చిన బాన ఒక్కసారిగా బావిలోకి పడిపోయింది, ఎద్దులు బెదిరి బాట దిగి పారిపోయాయి. వాడు మోకాళ్ల మీద పాకుతూ, ఎందుకన్నా, ఎందుకన్నా అని అడుగుతున్నాడు. మా అన్న ఇంకా కొట్టాడు. ఆ నెత్తురు కపిల బాట వెంట కిందికి పారడం చూశాను. నా తల మీది గంప ఎప్పుడు పడిపోయిందో నాకు తెలియదు.

పోలీసులు వచ్చేదాకా మా అన్న అక్కడే కూర్చున్నాడు. ఊళ్లో సగం మంది కొడుకంటే అట్లా ఉండాలన్నారు. చిన్నాయన ఇంటికి విషం పెట్టే ఇల్లని పేరు పడింది, కొడుకు చచ్చిన ఇంట్లో కడవ నీళ్లు ముట్టేవాళ్లు లేకపోయారు, పాడె మోయడానికి కూడా మనుషులు చాల్లేదు. అది విన్నాక మా అమ్మ మా నాయన ఎదుట నిలబడి, నన్ను బావిలో తోస్తే తోసుకో, నువ్వు చెప్తావా నేను చెప్పనా అంది.

ఆయన చేతికర్ర పట్టుకుని చిన్నాయన ఇంటికి నడిచాడు, వెనక మేమిద్దరం. వాకిట్లో జనం ఉన్నారు. మా నాయన మెట్టు ఎక్కలేదు, నేల మీదే నిలబడ్డాడు.

"కొడవల్లో విషం లేదురా. నాకు చక్కెర జబ్బు. నా పుండు నా ఒంటి వల్లనే మానలేదు. నాకు ముందే తెలుసు" అన్నాడు.

చిన్నాయన మూలనున్న ముల్లుకర్ర అందుకుని వచ్చి కొట్టాడు. భుజం మీద, వీపు మీద, చివరకు ఆ కాలి మీద కొట్టాడు. మా నాయన చేయి అడ్డం పెట్టలేదు. ఎవరూ ఆపలేదు, మా అమ్మ కూడా ఆపలేదు. మా చిన్నమ్మే లేచి వచ్చి మొగుడి చేతిలో కర్ర పట్టుకుంది.

"సాలు. ఆయప్పకు మానదంట" అని, మా నాయన వైపు తిరిగి, "ఈ ఒక్క మాట నీ కొడుక్కు చెప్పింటే సాలు గదా బావా" అంది.

పుండు మళ్లీ పగిలింది. కాలు నల్లబడింది, తీసేయాలంటే ఒప్పుకోలేదు. సంగటి పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు, కోపమంతా ఎటు పోయిందో. వానలు పడకముందే పోయాడు. మా అన్నకు యావజ్జీవం పడింది. మా అమ్మ నన్ను వెంటబెట్టుకుని దూరాన ఉన్న జైలుకు పోయి, కటకటాల ఇవతల నిలబడి, జరిగిందంతా దాచకుండా చెప్పింది. వాడు అరుస్తాడనీ, తిడతాడనీ అనుకున్నాం. వాడు చిన్నపిల్లవాడిలా ఆమె ముఖంలోకి చూసి, "మరి పథ్యం ఎందుకు పెట్టినావుమా?" అని అడిగాడు. మా అమ్మ చచ్చేదాకా దానికి జవాబు వెతుక్కుంది.

స్వాతంత్ర్యం వచ్చాక కొన్నేళ్లకు వాణ్ని వదిలారు. ఊరికి రాలేదు, డోన్‌లో ఏదో గోదాములో పని చేసుకుంటూ ఒంటరిగా ముసలివాడై పోయాడు. మా చిన్నాయనవాళ్లూ చేలు అమ్ముకుని వెళ్లిపోయారు. వంతుల కోసం కొట్టుకున్న ఆ బావిలో ఎవరో చెత్త పోసి పూడ్చేశారని విన్నాను. ఈ కాలం మనుషులకు సిగ్గు లేదని నా ఈడు వాళ్లు విసుక్కుంటుంటారు, జబ్బులన్నీ వీధిలో చెప్పుకుంటారని. నాకు మాత్రం ఆ సిగ్గులేనితనమే ముద్దొస్తుంది. అది మా ఇంటికి కొంచెం ముందుగా వచ్చి ఉంటే ఎంత బాగుండేది. చిన్నాయన కొడుకుదీ మా రక్తమే కదా, బతికి ఉంటే ఈ జబ్బు వాడికీ వచ్చే ఉండేది. వచ్చినా ఏమవుతుంది, పొద్దునొక మాత్ర, సాయంత్రమొక మాత్ర వేసుకుంటూ, ఎదురుపడ్డప్పుడల్లా నన్ను పలకరిస్తూ, వాడూ నాలాగే ముసలివాడై ఉండేవాడు.