బస్సులో విప్పిన సారె

పోయిన వేసవిలో షుగరు మాత్ర వేసుకుని, టిఫిన్ తినకుండానే పాలకొల్లులో రాజమండ్రి బస్సెక్కాను. దారిలో చెమటలు పట్టి చేతులు వణికాయి. షుగరు పడిపోయిందని గ్రహించి, మా ఆవిడ సర్దిన పూతరేకులు గబగబా తిన్నాను. తగ్గకపోగా కళ్ళు బైర్లు కమ్మాయి.

కూతురి అత్తవారింటికి సారె తీసుకెళుతున్న పక్కసీటు ఆవిడ డబ్బా చూసి, "అయ్యో బాబాయిగారూ, ఇవి షుగర్ ఫ్రీ అండీ! వీటిలో పంచదారేదీ?" అంటూ సారె బుట్ట విప్పబోయింది.

"వియ్యాలవారింటికి చేరకుండా విప్పకూడదమ్మా!"

"మా వియ్యపురాలు తిడితే నేను పడతాను. ముందు మీరు నోరు తెరవండి!" అని లడ్డూ చిదిమి నోట్లో పెట్టింది.

కాసేపటికి తేరుకున్నాను. బబుల్‌గమ్ము నుంచి పూతరేకు దాకా పంచదార లేని తీపే! అదేం తీపండీ, ప్రాణం మీదికొస్తే పనికిరానిది? ఆ తల్లిని మాత్రం వియ్యాలవారింట ఎవరూ ఒక్క మాటా అనకూడదని బస్సు దిగేదాకా దేవుణ్ణి వేడుకున్నాను.