అంచున జెండా

నిన్న మా అబ్బాయి ఫోన్‌లో గోల్ఫ్ ఆడుతుంటే నాచారంలోని ఇంటర్నెట్ సెంటర్ గుర్తొచ్చింది. నేనప్పుడు ఆరో తరగతి. అక్కడి కంప్యూటర్‌లో మేమాడే గోల్ఫ్‌లో చుట్టూ నీళ్లున్న దిబ్బ ఒకటి, దాని అంచున బంతి పడాల్సిన గుంతను చూపే జెండా. అక్కడ నా బంతి ప్రతిసారీ మునిగేది. చిన్నమ్మ కూతురు సరితది మాత్రం జెండా పక్కనే ఆగేది. నాకు కడుపు మండిపోయేది.

"అన్నా, దానికి అల్కగ పెడ్తున్నవ్ గదా!" అని సెంటరాయనతో కొట్లాడాను. ఒకరికి సులువుగా, ఒకరికి కష్టంగా జెండాలు ఆయనే పెడతాడనుకునేదాన్ని.

సరిత తెర మూలన బాణం చూపించింది. "గాలి గిటు కొడ్తుందే. జర అటు జరిపి కొట్టు."

ఆమె చెప్పిందన్న ఉక్రోషంతో సూటిగానే కొట్టాను. బంతి మునిగింది. ఇంటికెళ్లి, సరిత నన్ను ఆడనివ్వట్లేదని అమ్మతో చెప్పాను. అమ్మ చిన్నమ్మతో మాట్లాడింది. మర్నాటి నుంచి సరిత రాలేదు.

కంప్యూటర్ ఇక నాదేనని సంబరపడ్డాను. నేర్పబోయిన మనిషినే పంపేశానని అప్పుడు తెలియలేదు.