డ్రైవర్ మీద పెట్టిన తప్పు

ఇయ్యాల పొద్దున మనుమరాలి ఫొటోలు హుజూరాబాద్‌ల ఉన్న బిడ్డకు పంపుదామని నా పాత లాప్‌టాప్ తెరిస్తే, మూడో ఫొటోకాడికి వచ్చేసరికి స్క్రీను నల్లగై, మళ్ళ వెలిగి, మూలకు ఒక డబ్బా పడ్డది: డిస్‌ప్లే డ్రైవర్ పనిచేయడం ఆగిపోయిందట. దీని మొకం మండ, ఎన్నేండ్లయినా దీని బుద్ధి మారలే!

మన ఈడు వాళ్ళకు డ్రైవర్ అంటే ఖాకీ చొక్కా, చేతుల టిఫిను డబ్బా, బండి తీసేముందు దేవుని పటానికి ఊదుబత్తి వెలిగించే మనిషి. లాప్‌టాప్‌ల గూడ ఒక డ్రైవర్ ఉంటడని, ఆయన సరిగ్గ పనిచెయ్యకుంటే తెర మీద బొమ్మ రాదని మనకెవరు చెప్పిండ్రు? నేనైతే తిప్పలువడి నేర్చుకున్న.

అప్పట్ల ఆసిఫాబాద్‌ల నాది పెండ్లి ఫొటోలు, వీడియోల దుకాణం. ఎదురుంగ జిన్నింగ్ మిల్లు ఉండె, పత్తి కాలం వచ్చిందంటే దూది ఎగిరొచ్చి, తలుపు దగ్గరేసినా ఆగక, తాగే చాయల సుత పడేది. ఎవరో వాడి వదిలేసిన ఈ లాప్‌టాపే తెచ్చుకొని, నడి వయసుల వీడియో ఎడిటింగు నేర్చుకొని, దాంతోనే బతుకుతుంటి. బస్సు నడిపి రిటైరైన మా బాపు ఇంట్ల పొద్దుపోక రోజూ వచ్చి తలుపు పక్కన స్టూలేసుకొని కూసునేటోడు.

ఒకపాలి ఒక పెండ్లి వీడియో నా పానం తీసింది. పిల్ల తండ్రి దుబాయిల ఉన్నడు, సెలవు దొరకక బిడ్డ పెండ్లికి రాలే, వాళ్ళ ఊరాయన శుక్రారం విమానం ఎక్కుతుండు, ఆయన చేతుల వీడియో పెట్టాలె. ఎక్కడా ఆగక అప్పగింతలకాడికి వచ్చి పిల్ల ఏడుపందుకోంగనే స్క్రీను గుడ్డిదైపోయేది. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు! కరీంనగర్‌ల కంప్యూటర్లు బాగుచేసే మా బామ్మర్దికి ఫోను చేస్తే, డ్రైవర్ ఖరాబైంది బావా, తీసేసి కొత్తది ఎక్కియ్యి అన్నడు. తీసేసిన, ఎక్కిచ్చిన. అది కుదరకపోతే పాతదే మళ్ళ ఎక్కియ్యిమన్నడు, అదీ చేసిన. సేఫ్ మోడ్‌ల పెట్టుమన్నడు, పెడితే అక్షరాలు ఇటుకలంత దొడ్డుగ కనవడ్డయి. ఆ నెట్టు నడక గూడ ఏమని చెప్పాలె, డౌన్‌లోడు కొసకొచ్చి ఆగిపోతే నిజంగనే ఏడుపొచ్చింది. నాకు తెలిసిన తిట్లన్నీ డ్రైవర్ మీదనే పోసిన. చేతగాని డ్రైవర్ అన్న, పీకి పారేసినా పీడ పోని డ్రైవర్ అన్న.

తిట్టినప్పుడల్లా బాపు స్టూలు మీద జర కదిలేటోడు. ఆయన సర్వీసు మొత్తంల ఒక్కటే మచ్చ. ఎండకాలంల కెరమెరి ఘాటు ఎక్కుతుంటే రేడియేటరు మసిలి బస్సు ఆగిపోయింది. రేడియేటర్ల చెత్త ఇరికింది, కడిగియ్యిండ్రి అని పది రోజులసంది చెప్తున్నని ఎంత మొత్తుకున్నా, కాయితం మీద డ్రైవర్ నిర్లక్ష్యం అనే రాసిండ్రు. గా ముక్క ఆయనను రిటైరైనంక గూడ ఇడువలే. ఇది నాకు తెల్వంది కాదు, పరేషాన్ల యాదికి రాలే.

రెండో రోజు పగటిపూట స్క్రీను మళ్ళ పోయినప్పుడు బాపు లేచి వచ్చి లాప్‌టాప్ కడుపు కింద అరచెయ్యి పెట్టి చూసిండు.

“డ్రైవర్‌ను ఏమనకు కొడుకా. ఇంజను కాలుతుంది. గాలి పోయే తొవ్వ మూసుకపోయినట్టుంది, చూడు.”

“ఇది బస్సు కాదు బాపూ. నీకు తెల్వదు, జర సప్పుడు జెయ్యక కూసో.”

నలుగురు గిరాకుల ముందట అన్న. ఆయన తువ్వాల భుజానేసుకొని ఇంటికి పోయిండు.

ఆయన పోయినంక, ఎవరు చూస్తలేరు గదా అని మరలు విప్పిన. ఫ్యాను వెనుకటి జల్లెడకు దూది దిండు లెక్క అట్టగట్టి ఉన్నది. పాత టూత్‌బ్రష్షుతోని గీకి తీసిన, అంతే, అప్పగింతలు ఎక్కడా ఆగకుండ కొసదాక నడిచినయి. శుక్రారం ఆ వీడియో దుబాయి పోయింది.

తెల్లారి బాపు వచ్చి, ఎట్ల బాగైంది అని అడిగిండు. నువ్వు చెప్పినదే బాపూ అనడానికి నాకేం రోగం? నోరు రాలే. డ్రైవర్‌ను మార్చిన, మంచిగైంది అన్న. “గట్లనా, డ్రైవర్‌దే తప్పన్నట్టు” అని నేల చూసుకుంట అన్నడు. మళ్ళ ఎన్నడూ లాప్‌టాప్ మీద చెయ్యి వెయ్యలే, ఏ బండి గురించీ ఇది గిట్ల అని చెప్పలే. నేను గూడ, రేపు చెప్త, మాపు చెప్త అనుకుంట ఏండ్లకేండ్లు దాటేసిన.

ఇప్పుడు కరీంనగర్ వచ్చి ఉంటున్నం, ఆ దుకాణం లేదు. పెండ్లి ఇక్కడ అవుతుండంగనే దుబాయిల తండ్రి ఫోన్‌ల చూస్తుండు. కొత్త లాప్‌టాప్‌లకు విప్పుదామన్నా మర కనవడదు, ఖరాబైతే మారుస్తరు తప్ప చెయ్యి పెట్టి చూసేటోడు లేడు. బాపు పోయి నాలుగేండ్లయింది.

ఇయ్యాల డబ్బా పడంగనే నేను డ్రైవర్ జోలికి పోలే. లాప్‌టాప్ కడుపు కింద అరచెయ్యి పెడితే చుర్రుమన్నది. మరలు విప్పి దుమ్ము తీసి మళ్ళ బిగిస్తే ఫొటోలన్నీ బిడ్డకు చేరినయి. డ్రైవర్ తప్పేం లేదు బాపూ అని పైకే అన్న. నలుగురు గిరాకుల ముందట అనాల్సిన మాట, ఎవరూ లేని ఇంట్ల అన్న.