టీచరమ్మ పల్లీ పెరుగు

పొద్దున్నే వంటింటి తలుపు తీయగానే ఆ వాసన ఎదురొస్తుంది. ముందు పులుపు, దాని వెనక పల్లీల కమ్మదనం. రాత్రి తోడు వేసి గట్టు మూలన పెట్టిన చిన్న మట్టి గురిగిలో పెరుగు గట్టిపడిందని మూత తీయకుండానే తెలిసిపోతుంది. జడ్చర్లలో మా ఇల్లు పెద్ద రోడ్డుకు దగ్గర. లారీల పొగ, ఎదురుగా ఉన్న టిఫిన్ సెంటర్ నూనె వాసన తెల్లారకముందే ఇంట్లోకి వచ్చేస్తాయి. అయినా ఆ గురిగి ముందు నిలబడినంతసేపు నేను దేవరకొండలోనే ఉంటాను. మెట్ల కింద నుంచి అంజమ్మ టీచరమ్మ "తోడుకున్నదా బిడ్డా?" అని అడుగుతుందేమోనని చెవి అటే వేస్తాను. అడగదని తెలుసు. అయినా ఆగుతాను.

రాష్ట్రం వచ్చిన కొత్తలో నేను దేవరకొండలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేదాన్ని. టీచరమ్మ ఇంటి మీద రెండు గదులు మాకు కిరాయికిచ్చింది. అంగన్‌వాడీలో చాలా ఏళ్లు పనిచేసి అప్పటికే దిగిపోయింది. భర్త లేడు. ఒక్కడే కొడుకు, శ్రీశైలం. ఇంటి ముందుగదిలో అతని చికెన్ సెంటర్, వెనక ఆమె వంటిల్లు. ఆ వంటింట్లోకి మాంసం, గుడ్డే కాదు, పాలు, నెయ్యి కూడా వచ్చేవి కావు. ఈ సంగతి తెలిసిన రోజు నేను మా ఆయనతో చెప్పుకుని పడీ పడీ నవ్వాను. ఆమెకు మాత్రం అందులో వింతేమీ కనపడేది కాదు. "వాడు కోళ్లు కోస్తడు, నేను పల్లీలు రుబ్బుత. ఎవరి పని వాళ్లది," అనేది. కొడుకు కూరకు మసాలా నూరిపెట్టేది కూడా ఆమే.

మాది నల్గొండ దగ్గర మగ్గాల ఇల్లు. ఆదివారం యాటకూర, అదే మటన్, ఉడకకపోతే మా ఇంట్లో అది ఆదివారం కిందికి వచ్చేది కాదు. మా అమ్మకు షుగర్ ముదిరి ఒక కాలి పాదం తీసేశారు. మగ్గం గుంటలో కూర్చుని రెండు కాళ్లతో తొక్కితే తప్ప నేత సాగదు. అమ్మ గుంట గట్టున కూర్చుని ఖాళీ మగ్గాన్ని చూస్తూ ఉండేది. చివరికి ఆ చూపు కూడా పోయింది, ఆ వెనకే అమ్మా పోయింది. ముప్పై నాలుగేళ్లకు నాకూ షుగర్ ఉందని దవాఖానలో చెప్పిన రోజు నేను మేడ మెట్ల మీదే కూలబడ్డాను. నా బిడ్డ అప్పుడు రెండో తరగతి. అమ్మ కాలే కళ్లముందు కనిపిస్తోంది.

టీచరమ్మ వచ్చి పక్కన కూర్చుంది. మా అమ్మలాగే పోతానేమోనని ఏడ్చాను. ఓదార్పు మాటలు ఆమెకు రావు. పొద్దటి నుంచి ఏమన్నా తిన్నావా అని అడిగి, లేదన్నాక లోపలికి వెళ్లి జొన్నరొట్టె, పుల్లటి పుంటికూర పప్పు, ఉల్లిగడ్డ కలిపిన తెల్లటి పెరుగు తెచ్చింది. అది పల్లీలతో చేసిన పెరుగని సగం తిన్నాక చెప్పింది.

"గోళీలు మానకు. డాక్టరు చెప్పింది చెప్పినట్టు జెయ్. తిండి సంగతి నాకు ఇడువు," అంది.

అప్పటిదాకా నాకు తెలిసిన పథ్యం శిక్ష లాంటిది. ఉప్పు లేని కూర, ముద్ద ముద్దకీ నిట్టూర్పు. ఆమె తిండి అట్లా ఉండేది కాదు. వాన పడగానే చేను గట్ల మీద మొలిచే పాయిలికూర కోసం కొంగు దోపుకుని బయలుదేరేది. ఉలవచారు కాగితే గల్లీ చివరిదాకా వాసన. కొర్రన్నంలో నువ్వుల పొడి కలుపుకుని, కళ్లు మూసుకుని, వేళ్లు నాకుతూ తినేది. తిండి మీద ఆమెకు ఎంత ఆశో! పథ్యం అన్నానని ఒకసారి కోప్పడింది కూడా. "పథ్యమంటే నోరు సస్తది బిడ్డా. మంచిగ తింటున్న అనుకో," అంది. నాకు మటన్ మీద మనసు పోయిన ఆదివారాలు చాలానే ఉన్నాయి. కింద వాకిట్లో పొయ్యి పెట్టి శ్రీశైలం వండుకునే కూర తాలింపు వాసన వస్తుంటే ఇద్దరం కూర్చుని అతన్ని తిట్టుకునేవాళ్లం. అతను వినీ విననట్టు కత్తి నూరుకునేవాడు.

పెరుగు చేయడం మాత్రం నాకు సులువుగా రాలేదు. పల్లీలు నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, వడకట్టి, ఆ పాలు కాచి చల్లార్చాలి. మొదటిసారి నేను ఇంట్లో ఉన్న బర్రెపెరుగు ఓ చెంచా తోడు వేశాను. పుట్టి బుద్ధెరిగి తోడంటే నాకు తెలిసింది అదే మరి. గడ్డలా తోడుకున్న గురిగిని గర్వంగా కిందికి పట్టుకెళ్తే, టీచరమ్మ సంగతి కనుక్కుని పడిపడి నవ్వింది. బర్రెపెరుగు కలిసింది ఆమె ముట్టదు కాబట్టి ఆ గురిగి మా ఆయన పాలైంది. ఆ తర్వాత పచ్చిమిరపకాయల తొడిమెలు తుంచి గోరువెచ్చటి పల్లీపాలలో వేసి చూపింది. తెల్లారేసరికి తోడుకుంది. ఒకసారి తోడుకుంటే చాలు, ఇవాళ్టి పెరుగే రేపటికి తోడు. ఒక సాయంత్రం నా దగ్గర తోడు అయిపోయింది. దీపం పెట్టాక తోడు అడగకూడదని, ఇవ్వకూడదని మా అమ్మ గట్టి పట్టు. గిన్నె పట్టుకుని గుమ్మంలో నసుగుతుంటే టీచరమ్మ గిన్నె గుంజుకుని నింపింది. "అడిగినోళ్లకు ఇయ్యనీకె పొద్దు జూస్తరా?" అంది.

పాలెందుకు మానిందో ఆమె ఒక్కసారే చెప్పింది, పల్లీలు ఒలుస్తూ. వాళ్లకు భూమి లేని రోజుల్లో వాళ్లమ్మ ఒక పటేలు కొట్టంలో పేడ తీసేది. బర్రె పాలు చేపగానే దూడను గుంజి కట్టేయడం చిన్నప్పుడు ఈమె పని. దాని మూతికి ఇంకా నురుగు అంటుకుని ఉండేదట. పెద్దయ్యాక, జీతం చేతికొచ్చాక, పాలు తాగినప్పుడల్లా ఆ మూతే గుర్తొచ్చేదట. మాంసం ఆ తర్వాత దానంతటదే దూరమైందట. అంగన్‌వాడీలో ఉన్నన్నాళ్లూ పిల్లలకు గుడ్డు తన చేత్తో ఒలిచి పెట్టిందే తప్ప ఎవరినీ తినొద్దనలేదు. నేనూ వెళ్లిన ఒక దావత్‌లో వాళ్ల పెద్దక్క అందరి ముందూ ఎత్తిపొడిచింది. ముక్క కోసం మొహం వాచిన ఇంట్లో పుట్టి ఇప్పుడు పెద్దకులపోళ్ల వేషాలా అంది. విస్తరి ముందు టీచరమ్మ చెయ్యి ఆగిపోయింది.

"అమ్మకు దొరకక తినలే అక్కా. నాకు దొరికినా తింటలేను. రెండూ ఒక్కటెట్లయితయి?" అంది మెల్లగా. ఇంకో ముద్ద ముట్టకుండా విస్తరి మడిచేసి లేచింది. అక్క మాట ఆమెను ఎంత కోసిందో నాకు అప్పుడే తెలిసింది.

నా షుగర్ అదుపులోకి వచ్చింది. డాక్టరు గోళీ మోతాదు తగ్గించిన రోజు ఆమె నువ్వుల లడ్డు ఒకటి చేసి, సగమే నా చేతిలో పెట్టి, మిగతా సగం తను తినేసింది. ఆ తర్వాత కొన్నేళ్లకు ఒక ఎండాకాలం తెల్లవారుజామున నిద్రలోనే పోయింది. అన్నీ మానేసినా పోనే పోయింది గదా అన్నారు చుట్టాలు. పోకుండా ఉండడానికి ఆమె మానలేదని చెప్పాలని గొంతుదాకా వచ్చింది. ఏడుపు ముందొచ్చింది.

మూడో రోజు పిట్టకు పెట్టారు. పోయినవాళ్లకు ఇష్టమైనవి విస్తట్లో పెట్టి కాకి ముట్టేదాకా చూడటం ఇక్కడి ఆచారం. పెద్దక్క యాటకూర పెట్టించింది. నేను జొన్నరొట్టె, పుంటికూర, పల్లీ పెరుగు పక్కన పెట్టాను. ఆమె మనసారా తిన్నది అదేనని ఒక్క కాకైనా చెప్పాలని మొక్కుకున్నాను. కాకి వచ్చింది. నా రొట్టె మీద నడిచి మరీ యాట ముక్క ఎత్తుకుపోయింది. "సూసిన్రా, దాని పాణం దేని మీదుండెనో," అంది పెద్దక్క. ఆ కాకిని నేను ఇప్పటికీ క్షమించలేదు. శ్రీశైలం కాకి పోయిన దిక్కే చూస్తున్నాడు. అతనూ అట్లాగే అనుకుంటున్నాడని నాకు ఒళ్లు మండింది.

దినాలు గడిచాక ఒక సాయంత్రం, దీపం పెట్టి లేస్తుండగా, మెట్ల మీద చప్పుడైంది. శ్రీశైలం. చేతిలో వాళ్లమ్మ గురిగి. కడిగి తుడిచి తెచ్చాడు.

"జర తోడు ఇస్తవా అక్కా," అన్నాడు.

నీకెందుకని అడిగాను. కొంచెం కటువుగానే అడిగాను.

"నేను తిననక్కా. నాకు నోటికి పోదు. గురిగి ఖాళీగ ఉంటే ఇంట్ల ఉండబుద్దయితలేదు."

చీకటి పడింది, దీపం వెలుగుతోంది. అమ్మ పట్టు గుర్తుకు రాలేదని కాదు. ఆ గురిగి అందుకుని నిండా పోశాను. అతను దాన్ని రెండు చేతులతో పట్టుకుని ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగాడు. కాసేపటికి కింద రుబ్బురోలు కదిలిన చప్పుడు వినిపించింది.

మేము జడ్చర్ల వచ్చేటప్పుడు సామానంతా లారీలో వేసి, ఈ నా గురిగిని మాత్రం ఒళ్లో పెట్టుకుని బస్సులో వచ్చాను. అదే తోడు ఇప్పటికీ నడుస్తోంది. పల్లీలు అవే, పద్ధతి అదే. రుచి ఆమె చేసినట్టు ఉండదు. ఎందుకో తెలుసు. ఎదురుగా కూర్చుని, చెంచాతో ఓ మూల తీసుకుని, "ఇయ్యాల జర పులిసింది బిడ్డా," అనేవాళ్లు లేరు. నేనే ఓ చెంచా తిని, నేనే ఆ మాట అనుకుని, రేపటికి తోడు తీసి పక్కన పెడతాను.