తోపు వెనక నీళ్లు

సముద్రం మధ్య చిన్న దీవిలో ఉన్న పాత సైనిక కోట చూసి, శంషాబాద్‌లో విమానం దిగి షాద్‌నగర్ బస్సెక్కాను. పక్క సీటు పెద్దాయన ఒళ్లో కొబ్బరికాయ ఉంది. బోరు ఎక్కడ వేయాలో చెప్పడం ఆయన పనట; అరచేతిలో పడుకోబెట్టిన కాయ లేచి నిలబడితే అక్కడ నీళ్లున్నట్టట. నేను గొప్పగా కెమెరాలో కోట ఫిరంగి చూపించాను.

“తోపు సరే బిడ్డా,” అన్నాడు ఫిరంగి మీద వేలు పెట్టి, “నీళ్లేడున్నయి?”

“చుక్క మంచినీళ్లు లేవు బాపూ. పొద్దంతా దాహంతో చచ్చాను.”

“నీళ్లు లేకుంట సిపాయిలు ఎట్ల బతికిన్రు?” అంటూ కొబ్బరికాయను అరచేతిలో పడుకోబెట్టి ఫోటో మీదికి తెచ్చాడు. బస్సు స్పీడ్‌బ్రేకర్ ఎక్కింది. కాయ లేచి నిలబడింది.

“గీడనే ఉన్నయి, తోపు ఎనుక!”

బస్సంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను.

ఇంటికెళ్లి ఆ ఫోటోను కంప్యూటర్‌లో పెద్దది చేసి చూశాను. ఫిరంగి వెనక ఒకామె బావిలోంచి నీళ్లు తోడుతోంది.