రెండు వేళ్ల కాలు

మునిమనవడి పుస్తకంలో ఆకులు తినే రాక్షసబల్లుల పాదాల ఎముకలు చూశాను. ఒకదానికి మూడు వేళ్లు, ఇంకోదానికి ఐదు. నా తొమ్మిదో ఏట కలిదిండి బడిలో మాస్టారు ఇలాంటి బొమ్మలే చూపిస్తే, కొల్లేటి బురదలో దొరికిన కాలి ఎముకలు ఆశగా ఆయన దగ్గరికి పట్టుకెళ్లాను.

“రెండే వేళ్లమ్మా. ఇది గేదె కాలు,” అన్నారు.

ఏడుస్తూ ఇంటికొచ్చాను. నాన్న ఆ ఎముకల్లో ఒకదాని మీద విరిగి అతుక్కున్న చోటు తడిమి చూశారు. “మన కుంటిగేదేనే ఇది,” అన్నారు.

అంతకుముందు ఏడు అది కనబడకపోతే, పక్కింటి వెంకన్న బాబాయే తోలుకుపోయాడని నాన్న ఊరంతా చెప్పారు. ఇప్పుడు ఎముక చూసిన వెంటనే నన్ను వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్లారు. తానెప్పుడూ నువ్వనే మనిషితో, “తప్పు నాదేనండీ, మన్నించండి,” అన్నారు.

బాబాయి మంచం వాల్చి, “కూర్చో అన్నయ్యా,” అన్నాడు.

అది రాక్షసబల్లి ఎముక కాదని నేనింకా ఏడుస్తూనే ఉన్నాను. ఆ రోజు నాన్నకు అలా మన్నించమని అడగడం ఎంత కష్టమైందో పెద్దయ్యాక గాని తెలియలేదు.