అలివేలు ముక్కుపుడక

నాలుగేళ్ల కిందట, ఆషాఢం మొదట్లో, నన్ను కుప్పం, పుంగనూరు, మదనపల్లెలకు పంపారు. అప్పుడు నేను ఒక డైలీ సీరియల్‌కు ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్‌ని. హోదా పేరు పెద్దదే. పైనున్న చానెల్ వాళ్లకూ, కిందున్న దర్శకుడికీ తిట్టడానికి అందుబాటులో ఉండేవాణ్ని నేనే. మారిన కథానాయికను మూడు ఊళ్ల ప్రేక్షకులకు చూపించి రావడం అప్పటి పని.

నాయికలు ఎందుకు మారతారని నన్ను ఇప్పటికీ అడుగుతుంటారు. ఏవో గొడవలు జరిగి ఉంటాయని వాళ్ల ఆశ. నిజానికి ఒప్పందం సీజన్‌తో ముగుస్తుంది, ఆ విరామంలో సినిమా అవకాశం వస్తే నటి వెళ్లిపోతుంది. కథ మాత్రం ఆగకూడదు. మా మొదటి అలివేలు అలాగే వెళ్లింది. రచయిత ఆ పాత్రను అగ్నిప్రమాదంలోకి తోసి, రెండు వారాలు ముఖానికి కట్లు కట్టించి, విప్పేసరికి శ్రావ్యను కూర్చోబెట్టాడు. శ్రావ్య బెంగళూరు అమ్మాయి, ఇదే తొలి పెద్ద అవకాశం. చానెల్ నెల గడువిచ్చింది. జనం ఒప్పుకోకపోతే మళ్లీ ఇంకో ముఖం. ఆ సంగతి తెలిసి ఆమె కారులో దారంతా గోళ్లు కొరుక్కుంటూనే ఉంది.

కుప్పంలో గండం గడిచింది. అక్కడివాళ్లు మూడు భాషల సీరియళ్లు చూస్తారు, ఇలాంటి మార్పులు అలవాటే. "మారితే మారిందిలేప్పా, పాప బాగుండాది" అని సెల్ఫీలు తీసుకుని వెళ్లారు.

పుంగనూరు కల్యాణ మండపంలో నేను కట్ల కథంతా గర్వంగా వివరించి కూర్చున్నాను. మూడో వరసలోంచి షంషాద్ లేచింది. అలివేలు వేసుకునే జాకెట్లు చూసి ఊళ్లో వాళ్లకు అవే కుట్టిపెట్టే టైలరమ్మ. ఆమె కళ్లు కప్పడం ఎవరి తరమూ కాదు.

"మొగం కాలింది, డాక్టరు కొత్త మొగం పెట్టినాడు, సరే. కుడిపక్క ముక్కుపుడక ఎడంపక్కకి యాల పోయింది సార్? సచ్చిపోయేముందు అత్త పెట్టిన పుడక గదా అది!"

"అవునే!" అంది మండపమంతా. ఆ అత్త పోయిన ఎపిసోడ్‌కు వాళ్లంతా ఏడ్చినవాళ్లే.

నేను ఫోన్‌లో కంటిన్యుటీ షీట్ తెరిచాను. ఏ సీన్‌లో ఏ చీర, ఏ నగ అన్నది సహాయ దర్శకుడు కంటిన్యుటీ షీట్‌లో రాసిపెడతాడు. అందులో 'ముక్కుపుడక ఉంది' అని మాత్రమే రాసి ఉంది. ఒకే నటి ఉన్నన్నాళ్లూ ఆమె ముక్కుకు కుట్టించిన రంధ్రం ఎక్కడికీ పోదు గనక, ఏ పక్కో రాయాలని ఎవరికీ తోచలేదు. శ్రావ్యకు చిన్నప్పుడు ఎడమవైపు కుట్టించారు.

దర్శకుడికి ఫోన్ చేశాను. ఎడిటింగ్‌లో బొమ్మను అద్దంలోలా తిప్పేద్దామన్నాడు. అలా తిప్పితే పైట కుడి భుజం మీదికి పోతుందనీ, షంషాద్ ఈసారి మండపం తలుపులు మూసి మరీ అడుగుతుందనీ చెప్పాను.

ఈలోగా శ్రావ్య నన్ను అడగకుండానే షంషాద్ దగ్గరికి వెళ్లి, ముక్కు కుట్టేవాళ్లు దగ్గరలో ఎవరున్నారని అడిగింది. "ఆడ బజార్లో ఆచారి ఉండాడు, రా పాపా" అంటూ షంషాద్ చెయ్యి పట్టుకుంది. మండపంలోని సగం మంది వెంట నడిచారు. సూది దిగగానే శ్రావ్య కళ్లమ్మట నీళ్లు జలజలా రాలాయి. చుట్టూ ఉన్నవాళ్లు "అయ్యో" అన్నారే గానీ, కుడిపక్కేనా కాదా అని మెడలు చాచి చూడటం మానలేదు.

మర్నాడు ఎర్రగా వాచిన ముక్కుతో ఆమె మదనపల్లెలో, అదీ టమాటాల ఊళ్లో, దిగింది. కబురు మాకంటే ముందే చేరింది. ఒక ముసలామె గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తి, ముక్కు పరిశీలించి అంది: "అత్త పుడక కోసం ఎంత నొప్పి ఓర్చుకున్యావు అలివేలమ్మా!"

శ్రావ్యను ఎవరైనా ఆ పేరుతో పిలవడం అదే మొదలు. గడువు మాట చానెల్ మళ్లీ ఎత్తలేదు, ఆమె ఇంకో రెండు సీజన్లు చేసింది. ఎడమవైపు ఖాళీ రంధ్రానికి కారణం చెబుతూ రచయిత నాలుగు ఎపిసోడ్లు రాసుకొచ్చాడు. దండం పెట్టి వెనక్కిచ్చాను.

ప్రేక్షకులు కొత్త ముఖాన్ని క్షమిస్తారు. తమను ఏడిపించిన వస్తువు చోటు మారితే క్షమించరు. ఆ ఉద్యోగంలో ఆ తర్వాత మరో ముగ్గురు నాయికలను మార్చాను. ఎంపిక ఫారంలో ఎత్తు, వయసు, భాష కంటే పైన, నా చేత్తో ఒక గడి గీశాను: ముక్కు ఏ పక్క కుట్టించారు?